డీఎస్‌టీ, ఈఎంబీ: ఎంబ్రాయిడరీ డిజైన్ ఫైళ్లలో దేన్ని ఎక్కడ, ఎలా వాడాలి

నెల్లూరు ట్రంకు రోడ్డు, స్టోన్‌హౌస్‌పేట మొదలుకొని కావలి, కందుకూరు, ఒంగోలు దాకా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ పెట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నలు తిరిగి తిరిగి ఒక్కచోటికే వస్తాయి. డిజైన్ పెద్దది చేస్తే కుట్ల మధ్య గుడ్డ కనిపిస్తోంది. చిన్నది చేస్తే దారం తెగుతోంది. రంగులు తారుమారయ్యాయి. "ఏందన్నా, మొన్న ఇదే డిజైన్ బాగానే కుట్టింది కదా" అంటారు.

మెషిన్నీ, దారాన్నీ, ఆపరేటర్‌నీ తిట్టుకునే ముందు ఫైలు చూడండి. మార్చకూడని ఫైల్లో మార్పులు చేయడం వల్లే ఈ గొడవల్లో చాలావరకు వస్తాయి. జాకెట్టు డిజైన్ల పనిలో రోజూ చేతులు మారే డీఎస్‌టీ, ఈఎంబీ ఫైళ్లను ఏ వరుసలో వాడాలో కింద ఉంది.

1. ముందుగా తేడా తెలుసుకోండి

డీఎస్‌టీ ఫైలు తాజిమా మెషిన్ల కోసం వచ్చిన ఫార్మాట్. ఇప్పుడు దుకాణాల్లో వాడే ఎంబ్రాయిడరీ మెషిన్లు దాదాపు అన్నీ దీన్ని చదువుతాయి. ఇందులో ఉండేది సూది కదలికల చిట్టా మాత్రమే. ఇక్కణ్నుంచి ఇంత కుడికి, ఇంత పైకి, గుచ్చు. మళ్లీ ఇంత ఎడమకు, గుచ్చు. కొలత 0.1 మి.మీ. లెక్కన ఉంటుంది. ఒక్క కదలిక అడ్డంగా గానీ నిలువుగా గానీ 12.1 మి.మీ. మించదు. అంతకంటే దూరం వెళ్లాలంటే జంపులుగా, అంటే సూది గుచ్చకుండా జరిగే కదలికలుగా, విడగొట్టాలి.

అది నెమలి అనీ, ఇది మామిడిపిందె అనీ డీఎస్‌టీకి తెలియదు. రంగు పేర్లు కూడా ఉండవు. "ఇక్కడ రంగు మార్చు" అన్న ఆజ్ఞ ఒక్కటే ఉంటుంది.

ఈఎంబీ విల్‌కామ్ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు. ఇందులో ఆకారాలు ఉంటాయి: రేకు అంచు గీత, అది సాటిన్ కుట్టా (ఈ అంచు నుంచి ఆ అంచుకు ఒకే దారం), ఫిల్ కుట్టా (చిన్న కుట్ల వరుసలతో నింపేది), ఏ కోణంలో, ఎంత డెన్సిటీతో (కుట్ల వరుసల మధ్య ఎడంతో), కింద అండర్‌లే (పై కుట్లకు ముందు వేసే ఆధారపు కుట్లు) ఏది, దారం లాగుడుకు ఎంత అదనం ఇచ్చారు, ఏ రంగు అన్నీ. ఆకారాన్ని మారిస్తే సాఫ్ట్‌వేర్ కుట్లను మళ్లీ లెక్కగట్టి వేస్తుంది.

ఒక్క మాటలో చెప్పాలంటే డీఎస్‌టీ కుట్టేసిన జాకెట్టు, ఈఎంబీ దాని కటింగ్ ప్యాటర్న్. జాకెట్టును విప్పి కాస్త సరిచేయొచ్చు గానీ ఆ పనికి హద్దు ఉంది.

ఏది ఎప్పుడు?

- అదే సైజు, అదే రకం గుడ్డ, డిజైన్ ఇంతకు ముందు కుట్టి చూసిందే: డీఎస్‌టీ చాలు.
- సైజు, గుడ్డ, దారం, పేరు, ఆకారం, వీటిలో ఏది మారినా: ఈఎంబీ కావాలి.
- మెషిన్‌లోకి ఎక్కించడానికి: డీఎస్‌టీ.
- దాచుకోవడానికి: రెండూ. ఒక్కటే కుదిరితే ఈఎంబీ.

ఇంట్లో వాడే చిన్న మెషిన్లకు పీఈఎస్, జేఈఎఫ్ లాంటి ఫార్మాట్లు వేరే ఉన్నాయి. వాటికి రంగులు గుర్తుంటాయి గానీ మార్పుల విషయంలో అవీ డీఎస్‌టీ బాపతే.

2. పని మొదలుపెట్టే ముందు దగ్గర ఉండాల్సినవి

- ఈఎంబీ తెరిచే సాఫ్ట్‌వేర్. మార్పులు చేయని వాళ్లకు విల్‌కామ్ వాళ్ల ట్రూసైజర్ ఉచితంగానే దొరుకుతుంది. ఈఎంబీ, డీఎస్‌టీ రెండూ తెరిచి చూసుకోవచ్చు, ఫార్మాట్ మార్చుకోవచ్చు.
- మీ మెషిన్ ఫ్రేమ్ లోపలి కొలత, మిల్లీమీటర్లలో. అంగుళాన్ని 25.4తో గుణిస్తే మిల్లీమీటర్లు వస్తాయి.
- మెషిన్ ప్యానెల్‌లో జంపుల సంఖ్యను బట్టి దారం కత్తిరించే సెట్టింగ్ ఎంత ఉందో రాసిపెట్టుకున్న కాగితం.
- కుట్టబోయే గుడ్డ ముక్క, అదే దారం, గుడ్డ కింద పెట్టే అదే బ్యాకింగ్ పేపర్.
- చిన్న పెన్‌డ్రైవ్, ఫ్యాట్32లో ఫార్మాట్ చేసినది. పాత ప్యానెళ్లు పెద్ద డ్రైవులను గుర్తించవు.

డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని వాళ్లు ఇంక్‌స్టిచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతుంటారు. అది డీఎస్‌టీ తీస్తుంది గానీ ఈఎంబీ తెరవదు. అందులో ఎస్‌వీజీ ఫైలే ఈఎంబీ స్థానంలో ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

జాబ్ వర్క్ మాత్రమే చేసే దుకాణానికి పంచింగ్ (బొమ్మను కుట్ల ఫైలుగా మార్చే పని) సాఫ్ట్‌వేర్ అవసరం లేదని నా అభిప్రాయం. ఒక మంచి పంచర్‌తో మాట్లాడుకుని, మార్పు కావాల్సినప్పుడల్లా అతనికి పంపడం మేలు.

3. వచ్చిన ఫైలు అసలైనదేనా?

పెన్‌డ్రైవ్‌లో వేల డిజైన్లు అంటూ అమ్మే కట్టల్లో పేరుకు మాత్రమే ఈఎంబీ అయిన ఫైళ్లు చాలా ఉంటాయి. ఎవరో డీఎస్‌టీని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఈఎంబీగా సేవ్ చేసి ఉంటారు. లోపల ఆకారాలు ఉండవు, ఉట్టి కుట్లే.

ఇలా పరీక్షించండి.

1. ఫైలు తెరిచి మొత్తం కుట్ల సంఖ్య రాసుకోండి.
2. డిజైన్ మొత్తాన్ని ఎంచుకుని 120 శాతానికి పెంచండి.
3. సంఖ్య మళ్లీ చూడండి. బాగా పెరిగితే సాఫ్ట్‌వేర్ కుట్లను లెక్కగడుతోందన్నమాట. అదే సంఖ్య ఉంటే ఉట్టి కుట్లే.
4. పెంచినదాన్ని వెనక్కి తీసేసి, ఒక రేకును ఆకారం మార్చే టూల్‌తో నొక్కండి. అంచు చుట్టూ కొద్దిపాటి పాయింట్లు, కుట్టు కోణం గీత కనిపించాలి. ప్రతి కుట్టుకూ ఒక పాయింట్ కనిపిస్తే ఆ రేకు ఆకారం కాదు.

నాలుగో మెట్టు వదిలేయకండి. డీఎస్‌టీ తెరిచేటప్పుడు సాఫ్ట్‌వేర్ కుట్లను చూసి ఆకారాలను ఊహించి కడుతుంది. సాదా సాటిన్ గీతల్లో ఆ ఊహ బాగానే కుదురుతుంది. నెమలి ఈకలు, షేడింగ్, ఒకదాని మీద ఒకటి ఎక్కిన రేకుల్లో తప్పుతుంది. అప్పుడు మూడో పరీక్ష పాసైనా మూలల్లో కుట్లు చెల్లాచెదురవుతాయి.

డీఎస్‌టీ అయితే పరీక్ష ఇంకా తేలిక. ఒక్కో కదలికకు 3 బైట్లు, ఫైలు మొదట్లో వివరాలు ఉండే హెడర్‌కు 512 బైట్లు. కుట్లు, జంపులు, రంగు మార్పులు కలిపి 30,000 ఉంటే ఫైలు దాదాపు 90,500 బైట్లు ఉండాలి. అంతకంటే బాగా తక్కువ ఉంటే డౌన్‌లోడ్ మధ్యలో ఆగిందని అర్థం. మెషిన్‌కు పెట్టకుండా మళ్లీ పంపమనండి.

ఇంకొకటి: ఫైలు పేరు చివర డీఎస్‌టీ తీసేసి ఈఎంబీ అని రాస్తే ఫార్మాట్ మారదు. నవ్వొస్తుంది గానీ ఇలాంటి ఫైళ్లు వస్తూనే ఉంటాయి.

4. సైజు మార్చడం: అసలు చిక్కంతా ఇక్కడే

డీఎస్‌టీని పెంచినా తగ్గించినా కుట్ల సంఖ్య మారదు. ఉన్న కుట్లే సాగుతాయి, లేదా దగ్గరికి జరుగుతాయి. ప్యానెల్‌లో శాతం నొక్కి మార్చినా అంతే.

లెక్క చూడండి. సాటిన్‌లో కుట్టుకూ కుట్టుకూ మధ్య 0.40 మి.మీ. ఉందనుకుందాం. 20 శాతం పెంచితే అది 0.48 అవుతుంది. ముదురు రంగు పట్టు మీద లేత దారం అయితే గుడ్డ తొంగిచూస్తుంది. 20 శాతం తగ్గిస్తే 0.32 అవుతుంది. విస్తీర్ణం 64 శాతానికి పడిపోతుంది గానీ కుట్లు అన్నీ అందులోనే దిగాలి. అంటే అదే చోట ఒకటిన్నర రెట్లకు మించి కుట్లు. గుడ్డ ముడుచుకుంటుంది, సూది వేడెక్కుతుంది, దారం తెగుతుంది.

డీఎస్‌టీలో 10 శాతం దాకా అటూ ఇటూ సర్దుకోవచ్చు. సన్నని గీతలు, చిన్న అక్షరాలు ఉంటే 5 దాటకండి. అంతకు మించితే ఈఎంబీలోనే.

ఈఎంబీ ఉంది కదా అని శాతం నొక్కేస్తే కూడా పని అయిపోదు. సాఫ్ట్‌వేర్ డెన్సిటీని కాపాడుతుంది గానీ కుట్టు వెడల్పును కాపాడలేదు. 1.2 మి.మీ. ఉన్న తీగ 20 శాతం తగ్గితే 1 మి.మీ. కిందికి వస్తుంది, ముద్దగా కనిపిస్తుంది. 7 మి.మీ. ఉన్న సాటిన్ రేకు 40 శాతం పెరిగితే పది దగ్గరికి పోతుంది. అంత పొడుగు దారం గాజులకు, కొంగు అంచుకు తగిలి లేచిపోతుంది. అలాంటి రేకుకు మధ్యలో చీలిక ఇవ్వాలి, లేదా ఫిల్ కుట్టుకు మార్చాలి.

జాకెట్టు పనిలో నేను చెప్పేది వేరే దారి. మొత్తం సాగదీయకండి. బుట్టాల సైజు అలాగే ఉంచి, వాటి సంఖ్య మార్చండి.

ఉదాహరణకు 10 అంగుళాల చేతి బోర్డర్, అందులో 2 అంగుళాల హంసలు ఐదు ఉన్నాయి. 12 అంగుళాల చేయి కావాలి. అడ్డంగా సాగదీస్తే హంసలు బాతులవుతాయి. ఇంకో హంసను కాపీ చేసి పెట్టండి, ఆరు అయ్యాయి, 12 అంగుళాలు వచ్చింది. 11 కావాలంటే హంసల మధ్య చిన్న పువ్వులు పెట్టి సర్దండి.

మెడ డిజైన్‌కు వరుస ఇది.

1. టైలర్ దగ్గర కాగితం మీద మెడ వంపు గీయించుకోండి. కొలతలు నోటితో చెబితే చాలదు. స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి.
2. ఆ ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో అసలు సైజుకు తెచ్చి వెనక పెట్టండి.
3. డిజైన్‌లో సగం మాత్రమే ఉంచి, రెండో సగం తీసేయండి.
4. మధ్య బుట్టాను మెడ మధ్యకు పెట్టి, మిగతా బుట్టాలను ఒక్కొక్కటిగా కొత్త వంపు వెంట జరపండి, తిప్పండి.
5. కలిపే తీగలను మాత్రమే ఆకారం మార్చే టూల్‌తో సాగదీయండి.
6. సగాన్ని అద్దంలోలా తిప్పి అతికించండి. నడిమధ్య బుట్టా రెండుసార్లు పడిందేమో చూసి ఒకటి తీసేయండి.
7. కుట్టే వరుస సరిచేయండి. తిప్పి అతికించాక సూది ఈ భుజం నుంచి ఆ భుజానికి పరుగులు పెట్టే వరుస వస్తుంది.

గుడ్డ మారినా, దారం మారినా డెన్సిటీ ఇక్కడే మార్చాలి. మామూలు దారానికి 0.40 పెట్టిన చోట జరీ దారానికి 0.45 నుంచి 0.50 దాకా వదులు చేయండి. జరీ మందం, పెళుసు, దట్టంగా వేస్తే తెగుతుంది. అంకె తగ్గితే కుట్లు దట్టం, పెరిగితే వదులు. కొత్తవాళ్లు దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటారు.

5. పేర్లు, తెలుగు అక్షరాలు

మాఘమాసం, శ్రావణమాసం ముహూర్తాలు వచ్చాయంటే పెళ్లికూతురి జాకెట్టు మీద పేర్లు అడుగుతారు. ఇక్కడ ఈఎంబీ లేకుండా పని పెట్టుకోకండి. డీఎస్‌టీగా మారాక అక్షరం అక్షరంగా ఉండదు. ఒక్క దీర్ఘం తప్పు పడినా పేరు మొత్తం మళ్లీ వేయాలి.

సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంట్‌ను నేరుగా కుట్లుగా మారిస్తే ఒత్తులు విడిపోవచ్చు, పక్కకు జరగొచ్చు. అందుకని పేరును కోరల్ డ్రాలో టైపు చేసి, కర్వులుగా (అక్షరాలను గీతల బొమ్మగా) మార్చి, ఆ బొమ్మను తీసుకొచ్చి దాని మీద పంచింగ్ చేయండి.

- ఒత్తు గీత 1 మి.మీ. కంటే సన్నగా ఉండకూడదు. ఉంటే ఫాంట్ మార్చండి, లేదా పేరు పెద్దది చేయండి.
- తలకట్టు, గుడి విడి ముక్కలుగా కాకుండా అక్షరంతో కలిసేలా చూడండి. ట్రిమ్‌లు, అంటే దారం కత్తిరింపులు, తగ్గుతాయి.
- పేరును కాగితం మీద ప్రింటు తీసి ఇంటివాళ్ల చేత చదివించండి. సరేనన్నాకే డీఎస్‌టీ తీయండి.

6. ఈఎంబీ నుంచి డీఎస్‌టీ తీసే వరుస

1. ముందు ఈఎంబీని కొత్త పేరుతో సేవ్ చేయండి. పాతదాని మీద ఎక్కించకండి.
2. 0.4 మి.మీ. కంటే చిన్న కుట్లను తీసేసే ఆప్షన్ వాడండి. సూది ఒకేచోట గుచ్చుతూ దారం తెంపేది ఈ కుట్లే.
3. రంగుల వరుస చూడండి. ఒకే రంగు మూడుసార్లు వస్తుంటే, కింద పడాల్సింది పైకి రాకుండా వాటిని ఒకచోటికి చేర్చండి.
4. మధ్యలో మెషిన్ ఆగాల్సిన చోటు ఉంటే, ఉదాహరణకు నెట్ ముక్క అతికించే చోట, ఆ భాగానికి వేరే రంగు ఇవ్వండి. రెండు భాగాలు ఒకే రంగులో ఉంటే డీఎస్‌టీలో ఆగమన్న ఆజ్ఞ పడదు.
5. మొదటి కుట్టు, చివరి కుట్టు రెండూ డిజైన్ మధ్యకు పెట్టండి. లేకుంటే ఫ్రేమ్ పెట్టిన చోటికీ డిజైన్ దిగే చోటికీ పొంతన ఉండదు.
6. జంపుల సంఖ్యను మీ ప్యానెల్ సెట్టింగ్‌కు సరిపెట్టండి.
7. పేరు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో, 8 దాటకుండా పెట్టి డీఎస్‌టీగా ఎక్స్‌పోర్ట్ చేయండి.
8. తీసిన డీఎస్‌టీని మళ్లీ తెరిచి పొడవు, వెడల్పు, కుట్ల సంఖ్య, రంగు మార్పుల సంఖ్య ఈఎంబీతో పోల్చండి.

ఎనిమిదోది చేసేవాళ్లు తక్కువ. నిమిషం పని. మెషిన్ మీద పట్టు గుడ్డ పాడైతే ఆ నిమిషం విలువ తెలుస్తుంది.

7. మెషిన్ దగ్గర

రంగుల వరుస కాగితం చూసి నీడిల్ నంబర్లు ఇవ్వండి. ట్రేస్ కొట్టి, అంటే కుట్టకుండా డిజైన్ హద్దు చుట్టూ ఒకసారి తిప్పించి, ఫ్రేమ్‌కు సూది తగలదని చూసుకోండి. జరీ అయితే వేగం తగ్గించండి. శాంపిల్ ముక్క మీద ఒక్క బుట్టా కుట్టి, నచ్చాకే అసలు గుడ్డ ఎక్కించండి.

టైమ్ అడిగితే చెప్పడానికి: 24,000 కుట్ల డిజైన్ నిమిషానికి 600 వేగంతో 40 నిమిషాలు. రంగు మార్పులు, ట్రిమ్‌లు, దారం తెగడాలు అదనం.

8. తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు

రంగులు వింతగా కనిపిస్తున్నాయి. డీఎస్‌టీలో రంగులు ఉండవు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనకు తోచినవి వేస్తుంది. ఫైలు పాడవలేదు. వరుస కాగితం చూసి నీడిల్ ఇస్తే చాలు.

దారం కత్తిరించకుండా లాక్కుపోతోంది. డీఎస్‌టీలో ట్రిమ్ కోసం విడిగా ఆజ్ఞ లేదు. వరుసగా పడిన జంపులను చూసి మెషిన్ కత్తిరిస్తుంది. ఫైల్లో 3 జంపులు ఉండి ప్యానెల్ 5 దగ్గర ఉంటే కత్తెర పడదు. ప్యానెల్‌లో మూడుకు తగ్గించండి. ప్రతి చిన్న జంపుకూ కత్తిరిస్తుంటే పెంచండి.

ఈఎంబీ తెరుచుకోవడం లేదు. పంపినవాళ్ల విల్‌కామ్ మీదానికంటే కొత్త వెర్షన్ అయి ఉంటుంది. సేవ్ యాజ్‌లో పాత వెర్షన్ ఎంచుకుని మళ్లీ పంపమనండి.

అంచు గీతకూ లోపలి ఫిల్‌కూ మధ్య సందు వస్తోంది. దారం గుడ్డను లాగుతోంది. ఈఎంబీలో పుల్ కాంపెన్సేషన్ (దారం లాగుడుకు ఇచ్చే అదనం) 0.2 నుంచి 0.4 మి.మీ. మధ్య పెంచండి, అండర్‌లే ఉందో లేదో చూడండి. డీఎస్‌టీ మాత్రమే ఉంటే బ్యాకింగ్ పేపర్ ఇంకో పొర వేసి, గుడ్డను ఫ్రేమ్‌లో బిగువుగా పట్టించడం తప్ప దారి లేదు.

మెషిన్‌లో ఫైలు కనిపించడం లేదు. పేరు పొడుగైందేమో, తెలుగు అక్షరాలు ఉన్నాయేమో, ఫోల్డర్ లోపల ఫోల్డర్‌లో పెట్టారేమో చూడండి.

9. దాచడం, పంపడం

ప్రతి డిజైన్‌కు ఒక ఫోల్డర్. అందులో ఉండాల్సినవి:

- అసలు ఈఎంబీ
- కుట్టిన సైజుకో డీఎస్‌టీ
- రంగుల వరుస, దారం నంబర్లు
- కుట్టిన గుడ్డ ఫోటో
- గుడ్డ రకం, డెన్సిటీ, వేగం రాసిన చిన్న నోట్

ఫోల్డర్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చు. డీఎస్‌టీ పేరు మాత్రం పొట్టిగా ఇంగ్లీషులోనే. కంప్యూటర్‌లో ఒకటి, బయట హార్డ్ డిస్క్‌లో ఒకటి ఉంచండి. మెషిన్ మెమరీని బ్యాకప్‌గా లెక్కేయకండి, నిండినప్పుడు ఆపరేటర్ మొదట తుడిచేది దాన్నే.

వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేస్తే ఒక్క ఫైలూ తప్పిపోదు. స్క్రీన్ ఫోటో పంపి "ఇదే డిజైన్ కుట్టన్నా" అంటే పంచర్ మళ్లీ మొదటినుంచి వేయాలి, డబ్బూ మళ్లీ తీసుకుంటాడు.

పంచింగ్‌కు ఇచ్చే రోజే ఈఎంబీ కూడా ఇస్తారా, డీఎస్‌టీ మాత్రమేనా అని అడిగి ధర మాట్లాడుకోండి. ఈఎంబీకి ఎక్కువ అడుగుతారు, అందులో తప్పేం లేదు. ఒక్కసారి కుట్టే డిజైన్‌కు డీఎస్‌టీ తీసుకుని ఊరుకోండి. 34 నుంచి 42 దాకా అన్ని సైజుల్లో మళ్లీ మళ్లీ అడిగే మెడ డిజైన్‌కు ఆ ఎక్కువ ధర ఇచ్చి ఈఎంబీ తీసుకోండి. ఇంటికి తెచ్చుకున్నాక మూడో అంశంలోని పరీక్ష చేసి, అది ఆకారాలున్న ఫైలని తేలాకే మిగతా డబ్బు ఇవ్వండి.